డ్రమ్ కోర్‌లో నేర్పేవాళ్లకు, సంగీతం రాసేవాళ్లకు చేతికొచ్చేది ఎంత?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, చదివే మిగతావాళ్లకూ సంగతి తెలుస్తుంది. మీ అబ్బాయి మూడు వేసవులు డ్రమ్ కోర్‌లో (ఫుట్‌బాల్ మైదానంలో ప్రదర్శనలిచ్చే యువ బ్యాండ్‌లో) మెరింబా (చెక్క పలకల మీద కర్రలతో కొట్టే వాయిద్యం) వాయించి, నిరుడు ఆగస్టులో వయసు పరిమితి దాటి బయటికొచ్చాడు. ఇప్పుడు ఒక పెద్ద కోర్ వాళ్లు పిట్ టెక్‌గా, అంటే మైదానం ముందు నిలబడి వాయించే విభాగానికి నేర్పే సహాయకుడిగా రమ్మంటున్నారు, వేసవి మొత్తానికి 1,800 డాలర్లు. ఇంకో చిన్న కోర్ వాళ్లు తమ పిట్‌కి సంగీతం రాసిపెట్టమంటున్నారు, 2,500 డాలర్లు. సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్ చేస్తున్న వాడి ఈడు పిల్లలకు ఒక్క నెలలో అంతకన్నా ఎక్కువ వస్తోంది కదా, మావాడిని వాడుకుంటున్నారా అన్నది మీ బాధ. బాబు ఎఫ్‌-1 వీసా మీద సంగీతం చదువుతున్నాడని కూడా రాశారు.

నేను పదకొండు వేసవులు కోర్‌లలో పిట్ నేర్పాను. అందులో చివరి ఐదేళ్లు రాసే పని కూడా చేశాను. ఇప్పుడు డల్లాస్ చుట్టుపక్కల స్కూల్ బ్యాండ్లకు రాస్తూ, పాఠాలు చెబుతూ ఇల్లు నడుపుకుంటున్నాను.

సూటిగా చెబుతాను. టెక్ పనికి 1,800 అంటే వాడుకోవడం కాదండీ, మొదటి ఏడాది వాళ్లకు ఇచ్చే మామూలు మొత్తమే. నా మొదటి వేసవికి నాకిచ్చింది 1,200. రాసే పనికి 2,500 కాస్త తక్కువే, అయినా చిన్న కోర్ తన స్థోమతకు తగ్గట్టే చెప్పింది. ఈ రెంటినీ జీతంలా చూస్తే మాత్రం ఎన్నిసార్లు లెక్కేసినా మనసు ఒప్పుకోదు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు కోర్ బతుకుతెరువు చూపించదు. అన్నం పెట్టేది స్కూల్ బ్యాండ్లే. కోర్‌లో గడిపిన వేసవి ఆ స్కూళ్ల తలుపు తెరుస్తుంది. మీవాడికి వచ్చిన రెండు పిలుపులనూ ఈ లెక్కతోనే తూచాలి.

కానీ డబ్బు కంటే ముందు వీసా సంగతి మాట్లాడాలి. మీకు టెన్షన్ పెట్టాలని కాదు, తెలియక చిక్కుల్లో పడ్డవాళ్లను చూశాను. సభ్యుడిగా ఉన్నప్పుడు మీరే కోర్‌కి ఫీజు కట్టారు కాబట్టి అది ఉద్యోగం కిందికి రాలేదు. టెక్‌గా వెళ్తే అది పని. ఎఫ్‌-1 మీద ఉన్న విద్యార్థి క్యాంపస్ బయట పని చేయాలంటే ముందే అనుమతి ఉండాలి, సీపీటీ (చదువులో భాగంగా చేసే పనికి ఇచ్చేది) గానీ ఓపీటీ (చదివినదానికి సంబంధించిన పనికి తాత్కాలికంగా ఇచ్చేది) గానీ. డబ్బు తీసుకోకుండా ఊరికే వెళ్తాడులే అనుకోవద్దు. పక్కవాడికి డబ్బిచ్చి చేయించే పనిని మనవాడు ఉచితంగా చేసినా దాన్ని ఉద్యోగంగానే లెక్కగట్టే ప్రమాదం ఉంది. గదిలో కూర్చుని సంగీతం రాసి డబ్బు తీసుకోవడం కూడా పనే. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు ఉంటుంది, అక్కడ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని (డీఎస్ఓ) ఈ వారమే కలవమనండి. వాడి కోర్సులో ఇంటర్న్‌షిప్‌కి క్రెడిట్ ఉంటే సీపీటీకి దారి దొరకవచ్చు. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఆ అనుమతి అచ్చయి వచ్చాకే మొదటి రిహార్సల్‌కి వెళ్లాలి. హెచ్‌-1బి మీద ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో డబ్బు తీసుకుని బ్యాండ్ నేర్పాలనుకునే మన కుర్రాళ్లకూ ఇదే చెబుతున్నాను. ఆ వీసా మిమ్మల్ని స్పాన్సర్ చేసిన కంపెనీ పనికి మాత్రమే.

ఇక కోర్ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 150 మందికి పైగా యువతీ యువకులు ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్ములు, జెండాలతో ఫుట్‌బాల్ మైదానంలో పదకొండు పన్నెండు నిమిషాల ప్రదర్శన ఇస్తారు. ఆ ఒక్క ప్రదర్శన కోసం వేసవంతా బస్సుల్లో దేశం తిరుగుతారు. పోటీలు నడిపే సంస్థ డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, 1971లో పుట్టింది. ఫైనల్స్ ఇండియానాపొలిస్‌లోని లూకాస్ ఆయిల్ స్టేడియంలో జరుగుతాయి. నడుస్తూ వాయించే డ్రమ్ముల వరసను బ్యాటరీ అంటారు. మైదానం ముందు ఒకేచోట నిలబడి మెరింబాలు, వైబ్రఫోన్లు, టింపనీ వాయించేవాళ్లను పిట్ అంటారు. ఒక్కో విభాగానికి ఒక పెద్ద ఉంటాడు, ఆయన్ని క్యాప్షన్ హెడ్ అంటారు. ఆయన కింద రోజూ పిల్లల పక్కన నిలబడి చేతులు సరిదిద్దేవాళ్లే టెక్‌లు.

టెక్ రోజు ఎలా ఉంటుందో మీవాడికి తెలుసు, మీకు తెలియాలి. మే నెలాఖరులో మొదలైతే ఆగస్టు రెండో వారం దాకా. పొద్దున తొమ్మిదికి మైదానంలో ఉండాలి, రాత్రి తొమ్మిదికి గానీ రిహార్సల్ ముగియదు. ఆ తర్వాత బోధకుల మీటింగ్. టూర్ మొదలయ్యాక రాత్రి బస్సులో నిద్ర, తెల్లారేసరికి ఇంకో ఊళ్లో ఏదో స్కూల్ జిమ్ నేల మీద మళ్లీ నాలుగు గంటల నిద్ర. తిండి కోర్ వంట ట్రక్కులో పెడతారు, అది మాత్రం నిజంగా బాగుంటుంది. మొత్తం 75 రోజులు, రోజుకు పది గంటలని తక్కువలో తక్కువ వేసుకున్నా 750 గంటలు. 1,800ని దానితో భాగిస్తే గంటకు 2 డాలర్ల 40 సెంట్లు. అమెరికా కేంద్ర కనీస వేతనం 2009 నుంచి గంటకు 7 డాలర్ల 25 సెంట్లే, దానిలో మూడో వంతు కూడా రాలేదు. టెక్‌లను చాలా కోర్‌లు ఉద్యోగులుగా కాకుండా కాంట్రాక్టర్లుగా తీసుకుంటాయి, అందుకే ఈ లెక్క ఇలా ఉంటుంది. కాలిఫోర్నియాలో 2020 నుంచి ఏబీ5 చట్టం వచ్చాక కాంట్రాక్టర్ అని రాసుకుంటే సరిపోదు, ఎవరు ఉద్యోగో ఎవరు కాదో తేల్చే పరీక్ష గట్టిపడింది.

ఎవరికి ఎంత అన్నది నేను చేసిన ఒప్పందాలు, నా తోటివాళ్లు నాతో పంచుకున్నవి చూసి చెబుతున్నాను. సర్వే చేసి చెప్పేది కాదు. మొదటి ఒకటి రెండేళ్ల టెక్‌కి సున్నా నుంచి 2,000 దాకా. సున్నా అంటే భోజనం, పడక, ప్రయాణం మాత్రమే. అనుభవం ఉండి వేసవంతా ఉండగలిగితే 2,000 నుంచి 5,000. మధ్యస్థాయి కోర్‌లో క్యాప్షన్ హెడ్‌కి 5,000 నుంచి 15,000 మధ్య చూశాను, అదీ నవంబరు నుంచి నెలకో వారాంతం జరిగే శీతాకాలపు క్యాంపులతో కలిపి. అరేంజర్ల (ఉన్న సంగీతాన్ని కోర్ వాయిద్యాలకు తగ్గట్టు తిరిగి రాసేవాళ్ల) విషయంలో తేడా చాలా ఎక్కువ. ఓపెన్ క్లాస్ అనే చిన్న కోర్‌ల విభాగంలో పిట్ వరకే రాస్తే 2,000 నుంచి 5,000. వరల్డ్ క్లాస్ అనే పై విభాగంలో మధ్యవరస కోర్‌కి ఇత్తడి విభాగమంతా రాసేవాళ్లకు పది వేల చుట్టుపక్కల. ఎప్పుడూ పైనుండే నాలుగైదు కోర్‌లలో అంతకు రెండింతలు, కొందరికి ఇంకా ఎక్కువ. పేరును బట్టి, ఫైనల్స్‌లో గడించిన స్థానాలను బట్టి ఆ మొత్తం మారుతుంది.

ఇంత పెద్ద స్టేడియంలో చేసే ప్రదర్శనకు ఇంత తక్కువేమిటని అడుగుతారు. ఈ కళ పుట్టుకలోనే దానికి జవాబుంది. ఒకప్పుడు కోర్‌లను మాజీ సైనికుల సంఘాలు, చర్చిలు నడిపేవి. నేర్పేవాళ్లు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి నేర్పి వెళ్లే పెద్దలు. పోటీల నియమాలు, కోర్‌లకు ఇచ్చే డబ్బు పైసంఘాల చేతిలో ఉండటం నచ్చకే కోర్ డైరెక్టర్లు కలిసి 1971లో సొంత సంస్థ పెట్టుకున్నారు. అయినా టికెట్ల డబ్బు ఎవరికెంత అన్న గొడవ తీరలేదు. 2010లో ఏడు పెద్ద కోర్‌లు తమకు ఎక్కువ వాటా, ఎక్కువ అధికారం కావాలని ప్రతిపాదన పెడితే పెద్ద దుమారమే రేగింది. కోర్ ఆదాయంలో పెద్ద భాగం సభ్యుల ఫీజులు, విరాళాలు, సొంత వ్యాపకాలు. కాలిఫోర్నియాలో బ్లూ డెవిల్స్, శాంటా క్లారా వాన్‌గార్డ్ అనే కోర్‌లకు ఏళ్ల తరబడి బింగో ఆటలు పెద్ద ఆసరాగా నిలిచాయి. బస్సులు, డీజిల్, రోజుకు నాలుగు పూటల తిండి, ఇన్సూరెన్స్ పోగా మిగిలిందాన్ని బోధకులు పంచుకోవాలి. ఆ పంచుకునేవాళ్లూ పెరిగారు. 2004లో పిట్‌కి మైకులు అనుమతించారు, 2009లో ఎలక్ట్రానిక్ వాయిద్యాలు వచ్చాయి. మైకులు వచ్చాక మెరింబా మీద బలంగా కొట్టాల్సిన అవసరం పోయింది, సున్నితంగా వాయించడం సాధ్యమైంది. సంగీతానికి అది గొప్ప మేలు, నేను మనసారా ఒప్పుకుంటాను. కానీ సౌండ్ డిజైనర్, మిక్సర్ దగ్గర కూర్చునే ఇంజినీర్ కొత్తగా జీతాల పట్టీలోకి వచ్చారు, టెక్ వాటా మాత్రం పెరగలేదు.

రాసే పని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మీవాడి భవిష్యత్తు అక్కడ ఉందనిపిస్తోంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో షో ఆలోచన పుడుతుంది. డిజైనర్ ఏ సంగీతం వాడాలో, ఎక్కడ ఎన్ని సెకన్లు ఉండాలో చెబుతాడు. ఇత్తడి అరేంజర్ ముందు తన చిత్తుప్రతి పంపుతాడు. దాని మీద బ్యాటరీ రాసేవాడు, పిట్ రాసేవాడు తమ తమ భాగాలు అల్లుతారు. మాదిరి రికార్డింగ్ కంప్యూటర్‌లో వర్చువల్ డ్రమ్‌లైన్ లాంటి శబ్దాలతో తయారుచేయాలి. ఎందుకంటే డ్రిల్ రాసేవాడు ఆ రికార్డింగ్ వింటూ మైదానంలో పిల్లల అడుగులు గీస్తాడు. ఇన్నాళ్లూ చాలామంది ఫినాలే సాఫ్ట్‌వేర్‌లో రాశారు, 2024 ఆగస్టులో ఆ కంపెనీ దాన్ని ఆపేసింది. నేనూ డోరికో అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కి మారాల్సి వచ్చింది, పాత స్కోర్లు మార్చుకోవడానికే నెలలు పట్టాయి. మీవాడు కొత్తగా మొదలుపెడుతున్నాడు కాబట్టి నేరుగా డోరికో గానీ సిబీలియస్ గానీ నేర్చుకుంటే చాలు.

రాయడం మే నెలతో అయిపోదు. వంద మార్కుల్లో 40 మొత్తం ప్రభావానికి, 30 దృశ్యానికి, 30 సంగీతానికి. జూలైలో జడ్జీలు ‘ఇక్కడ చప్పుడు ఎక్కువై బాణీ వినపడటం లేదు’ అన్నారంటే ఆ రాత్రే ఎనిమిది బార్ల (తాళం ఆవర్తనాల) సంగీతం తిరగరాయాలి, మర్నాడు పొద్దున పిల్లలకు కొత్త కాగితాలు అందాలి. నా అనుభవంలో ఒక షోకి పిట్ భాగం మొదటి ప్రతికి నూరు గంటలు, తిరగరాతలకు ఇంకో ఎనభై. 2,500ని 180తో భాగిస్తే గంటకు దాదాపు 14 డాలర్లు. గొప్ప మొత్తం కాదు, కానీ టెక్ పనికి వచ్చే గంట రేటుకు దాదాపు ఆరింతలు. పైగా ఇంట్లో పడుకోవచ్చు.

హక్కుల విషయం తెలియక చాలామంది ఆశపడతారు. వేరొకరి పాటను అరేంజ్ చేయాలంటే హక్కుదారు అనుమతి కావాలి. సాధారణంగా ఆ అనుమతి పత్రంలోనే అరేంజ్‌మెంట్ మీద హక్కు వాళ్లదే అని ఉంటుంది. కాబట్టి షో ఎన్నిసార్లు ఆడినా అరేంజర్‌కి రాయల్టీ రాదు, ముందు మాట్లాడుకున్న మొత్తమే. అదే సొంత సంగీతమైతే హక్కు మీవాడిదే, ఒప్పందంలో కోర్‌కి రాసివ్వనంత వరకు. కాపీరైట్ గడువు తీరిన పాత సంగీతాన్ని అరేంజ్ చేసినా తన అరేంజ్‌మెంట్ మీద తనకు హక్కుంటుంది. మర్నాడు దాన్ని ఒక స్కూల్ బ్యాండ్‌కి అమ్ముకోవచ్చు. నేను రాసిన ఒక సొంత షోని తర్వాతి మూడేళ్లలో నాలుగు స్కూళ్లు కొనుక్కున్నాయి. మొదట కోర్ ఇచ్చినదానికన్నా ఆ నాలుగూ కలిసి ఎక్కువ ఇచ్చాయి.

ఈ రంగంలో అందరూ చేతులెత్తి మొక్కే పేర్లు తీసుకోండి. కావలియర్స్ అనే కోర్‌కి ఎన్నో విజయాలు తెచ్చిన ఇత్తడి సంగీతం రాసిన రిచర్డ్ సాసిడో ఇండియానాలోని కార్మెల్ హైస్కూల్లో బ్యాండ్ డైరెక్టర్‌గా ఉద్యోగం చేశారు. కేడెట్స్ అనే కోర్‌కి రాసిన జే బోకుక్ ఫర్మన్ యూనివర్సిటీలో అధ్యాపకులుగా పనిచేశారు. డ్రమ్ముల్లో గురువులకే గురువు లాంటి థామ్ హన్నమ్ మసాచుసెట్స్ యూనివర్సిటీ, ఆమ్హర్స్ట్‌లో బ్యాండ్ నేర్పారు. అంతటివాళ్లకే నెల జీతం ఇచ్చింది విద్యాసంస్థలు. మీ అబ్బాయి డిగ్రీ మానేసి కోర్ వెంట వెళ్తానంటే మాత్రం నేను గట్టిగా వద్దంటాను.

స్కూళ్ల సంగతి మన డల్లాస్ వైపు ఉన్నవాళ్లకు బాగా తెలుసు. ఇక్కడ చాలా సబర్బ్ హైస్కూళ్లలో బ్యాండ్ అంటే ఒక చిన్న పరిశ్రమ. అరగంట ప్రైవేటు పాఠానికి 25 నుంచి 35 డాలర్లు, అదీ చాలా చోట్ల స్కూల్ వేళల్లోనే. వారానికి నలభై మంది పిల్లలుంటే ఇంటి అద్దె, కారు ఖర్చు గడిచిపోతాయి. శరదృతువులో మార్చింగ్ సీజన్‌కి టెక్‌గా వెళ్తే కొన్ని వేలు, శీతాకాలంలో ఇండోర్ డ్రమ్‌లైన్ పోటీలకు ఇంకొన్ని. ఏటా కొత్త షో రాయించుకునే స్కూల్ పిట్, బ్యాటరీ కలిపి రాసినందుకు 3,000 నుంచి 6,000 దాకా ఇస్తుంది. అలాంటి స్కూళ్లు ఆరేడు కుదిరితే మంచి సంపాదనే. ఆ బ్యాండ్ డైరెక్టర్లు మనవాణ్ణి పిలిచే ముందు ‘ఏ కోర్‌లో నేర్పావు?’ అని అడుగుతారు. 1,800 డాలర్ల వేసవి అక్కడ అక్కరకొస్తుంది. నాకు దొరికిన మొదటి మూడు స్కూళ్లూ జిమ్ నేల మీద నా పక్కన చాప పరుచుకున్న తోటి టెక్‌ల ద్వారా వచ్చినవే.

కోర్ వాళ్ల స్థోమత మీరే చూసుకోవచ్చు. ఇవి ఎక్కువగా 501(సి)(3) లాభాపేక్ష లేని సంస్థలు, ఏటా తమ ఆదాయ వ్యయాలు చూపే ఫారం 990 దాఖలు చేస్తాయి, అది అందరూ చూడదగ్గ పత్రం. ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు కొడితే ఉచితంగా దొరుకుతుంది. అరేంజర్ పేరు, మొత్తం అందులో వెతక్కండి. లక్ష డాలర్లు దాటిన కాంట్రాక్టర్లలో మొదటి ఐదుగురి పేర్లే అక్కడ రాస్తారు, అంత తీసుకునేవాళ్లు ఈ రంగంలో చాలా అరుదు. వరసగా మూడేళ్లు ఖర్చు ఆదాయాన్ని మించిందా, అప్పు పెరుగుతోందా అన్నది చూడండి. కోర్‌లు మునగవనుకోవద్దు. పదిసార్లు ఛాంపియన్ అయిన, 1934లో మొదలైన కేడెట్స్ 2024లో మూతపడింది. శాంటా క్లారా వాన్‌గార్డ్ అంతటిది డబ్బు ఇబ్బందులతో 2023లో మైదానంలోకే దిగలేదు. సంస్థ దివాలా తీస్తే బాకీ ఉన్న టెక్ వరసలో చివర నిలబడాలి.

నాకూ ఒక దెబ్బ తగిలింది. ఒక కోర్ ఆగస్టులో ఇవ్వాల్సిన చివరి వాయిదాను ఫిబ్రవరిలో ఇచ్చింది, అదీ పదిసార్లు ఫోన్ చేశాక. అన్నీ నోటిమాటగా ఒప్పుకోవడం నా తప్పు. మా తాతగారి ఊళ్లో సన్నాయి మేళం వాళ్లు బయానా చేతిలో పడందే పెళ్లి తేదీ రాసుకునేవారు కాదు. వాళ్లకు తెలిసిన పద్ధతి నాకు ముప్పై ఏళ్లు వచ్చాక గానీ తెలియలేదు. ఇప్పుడు రాసే పనికి మూడో వంతు సంతకంతో, మూడో వంతు మొదటి ప్రతి అందగానే, మిగతాది జూన్ 15 లోపు తీసుకుంటాను. ఆగస్టు దాకా ఆగను.

పన్ను కూడా గుర్తుపెట్టుకోండి. పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు కాంట్రాక్టర్ ఆదాయం మీద 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను ఉంటుంది. ఆ శాతాన్ని ఆదాయంలో 92.35 శాతం మీదే లెక్కేస్తారు కాబట్టి, ఖర్చులేమీ తీసేయకపోతే 1,800 మీద అది దాదాపు 254 డాలర్లు, ఆదాయపు పన్ను దానికి అదనం. క్యాంపులకు సొంతంగా కొన్న విమాన టికెట్ల రసీదులు దాచుకుంటే ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. ఎఫ్‌-1 వాళ్ల లెక్క వేరు, ఆ వీసాలు తెలిసిన అకౌంటెంట్‌ని (సీపీఏ) అడగాలి.

మీవాడి విషయంలో, వీసా అనుమతి దొరికితే, నేనైతే రెండూ ఒప్పుకుంటాను, కానీ షరతులతో. చిన్న కోర్‌ని 3,000 అడగమనండి. వాళ్లు 2,500 దగ్గరే ఆగితే తిరగరాతలు ఎన్నిసార్లో, ఏ తేదీ దాకానో రాయించుకుని ఒప్పుకోవచ్చు, సొంత సంగీతమైతే హక్కు తనకే ఉండేలా చూసుకోవాలి. పెద్ద కోర్‌తో 1,800 గురించి బేరమాడొద్దు, అది పెరగదు. దాని బదులు వేరేవి అడగాలి. శీతాకాలపు క్యాంపులకు విమాన టికెట్ ఎవరు కొంటారు? వేసవంతా కాకుండా మొదటి నాలుగు వారాలు, చివరి రెండు వారాలు వస్తే ఎంతిస్తారు? మిగతా వారాల్లో వాడు రాసుకోవచ్చు. ఒంట్లో బాగోక మధ్యలో వచ్చేస్తే అప్పటిదాకా చేసిన రోజులకు డబ్బు ఎలా లెక్కగడతారు? వాడు ఎవరి కింద పని చేస్తాడు? ఈ నాలుగో ప్రశ్నకు వచ్చిన పేరు నాకు చెప్పండి. ఆ మనిషి దగ్గర పనిచేసిన టెక్‌లు ఇప్పుడు ఏ స్కూళ్లలో ఉన్నారో నేను కనుక్కుని చెబుతాను.